మన గంట ఖరీదు సున్నానా?

టైమ్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్ట్ పెట్టేటప్పుడు రేటు కోసం రెండు గళ్లు ఉంటాయి. ఒకటి బిల్లింగ్ రేటు, అంటే ఈ పనికి క్లయింట్ దగ్గర గంటకి ఎంత తీసుకుంటాం అనేది. రెండోది కాస్ట్ రేటు, అంటే ఆ గంట పని జరగడానికి మనకి ఎంత ఖర్చవుతుంది అనేది. మన కాలేజీలో ఫ్రీలాన్స్ పనులు పట్టుకునే టీమ్‌లు మొదటి గడి దగ్గర అరగంట కొట్లాడుకుంటాయి. మూడొందలు పెడదామా, ఐదొందలు పెడదామా, క్లయింట్ పారిపోతాడేమో, సీనియర్లు ఎంత పెట్టారో కనుక్కుందామా... రెండో గడికి వచ్చేసరికి ఎవరికీ ఓపిక ఉండదు. ఖాళీగా వదిలేసి సేవ్ కొట్టేస్తారు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఖాళీ అంటే సున్నా. నెలాఖరుకి రిపోర్ట్ తీస్తే లాభం దగ్గర ఆకుపచ్చ రంగులో వంద శాతం అని వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టుకుని పండగ చేసుకుంటారు.

ఆ వంద శాతం అబద్ధం. రెండో గడి నింపకుండా మొదటి గడి నింపడం వల్ల మనకి ఒరిగేదేమీ లేదని నా వాదన. ఇంకో మాట కూడా చెప్తాను, దీని మీద గొడవ అవుతుందని తెలిసే చెప్తున్నాను: ఆ రెండో గడిలో ఉన్న అంకె టీమ్‌లో అందరికీ కనపడాలి.

ముందు మన క్లయింట్లు ఎవరో చూద్దాం. హైటెక్ సిటీ కంపెనీ ఏదీ మనకి పని ఇవ్వదు. మనకి పని ఇచ్చేది మన గల్లీ చివర షాపు వాళ్లు, అమ్మానాన్నలకి తెలిసినవాళ్లు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం, పత్తర్‌గట్టిలో బట్టల షాపు, గుల్జార్ హౌజ్ దగ్గర నగల షాపు, శాలిబండలో ట్యూషన్ సెంటర్. ఒకరికి వెబ్‌సైట్ కావాలి, ఒకరికి స్టాక్ చూసుకునే యాప్ కావాలి, ఇంకొకరికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి కేటలాగ్ కావాలి. మాలాగా ఓల్డ్ సిటీలో పుట్టి పెరిగిన వాళ్లకి ఇదొక అదృష్టం. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో క్లయింట్ ఉంటాడు, చాయ్ కూడా ఆయనే తాగిస్తాడు.

కానీ ఆయనకి మన గంటలతో పని లేదు. గంటకి ఇంత అని మొదలుపెడితే చేయి ఊపేసి "టోటల్ కిత్నా హోతా బోలో బేటా" అంటాడు. మొత్తం ఎంతవుతుందో చెప్పు, అంతే. అందులో తప్పేమీ లేదు. పెళ్లి చీర మీద మగ్గం వర్క్ చేయించే వాళ్లు కూడా గంటలు అడగరు, మొత్తమే అడుగుతారు. దీన్ని పట్టుకుని మనవాళ్లు ఒక తీర్మానానికి వచ్చేస్తారు: క్లయింట్‌కి గంటలు అక్కర్లేనప్పుడు మనం టైమర్ నొక్కడం ఎందుకు? గుండుగుత్త పనికి గంటల లెక్క దండగ కదా?

నేను సరిగ్గా తిరగేసి చెప్తాను. గంటకింత అని బిల్ చేసే పనిలో ఎక్కువ గంటలైతే ఆ నష్టం క్లయింట్‌ది. గుండుగుత్త పనిలో ఎక్కువైన ప్రతి గంటా మన జేబులోంచి పోతుంది. కాబట్టి లెక్క ఎక్కువ అవసరమైంది ఇక్కడే.

ఒక లెక్క వేద్దాం, ఊహించిన అంకెలే. నలుగురు కలిసి గాజుల షాపుకి వెబ్‌సైట్ చేస్తున్నారు. అరవై గంటలు పడుతుందని అనుకుని, గంటకి 400 చొప్పున మనసులో లెక్కేసి 24,000 చెప్పారు, ఆయన ఒప్పుకున్నాడు. డొమైన్, హోస్టింగ్, ఆటో ఛార్జీలు కలిపి 4,000 పోయింది. అరవై గంటల పని అరవై గంటల్లోనే అయింది, బాగానే కోడ్ చేశారు. కానీ గాజుల ఫోటోలు తీసి ఒక్కొక్కదానికి సైజు, రంగు, ధర ఎక్కించడానికి ఇంకో 16 గంటలు పట్టింది. ఇది ఎవరూ ముందు అనుకోలేదు. తర్వాత "ఈ బ్యానర్ కొంచెం పెద్దగా పెట్టు", "రంజాన్ ఆఫర్ పైన రావాలి", "మా మరిది చూశాడు, ఆయనకి ఆ రంగు నచ్చలేదు" అంటూ వాట్సాప్‌లో వచ్చిన మార్పులకి 24 గంటలు. మొత్తం వంద గంటలు.

ఇప్పుడు కాస్ట్ రేటు గడిలో సున్నా ఉంటే సాఫ్ట్‌వేర్ చూపించే లాభం 20,000. గంటకి 150 అని పెడితే పని ఖర్చు 15,000, బయటి ఖర్చు 4,000, మిగిలింది 5,000. గంటకి 250 పెడితే ఖర్చు మొత్తం 29,000 అవుతుంది, అంటే 5,000 నష్టం. ప్రాజెక్ట్ అదే, క్లయింట్ అదే, బ్యాంకులో పడిన డబ్బులు అవే. ఒక్క గడిలో అంకె మారితే పండగ కాస్తా నష్టమైంది. అయితే ఏది నిజం అని అడగొచ్చు. అది మీ గంటకి మీరు కట్టుకున్న విలువ మీద ఆధారపడి ఉంటుంది. ట్యూషన్ చెప్తే గంటకి ఎంత వచ్చేది? అదే టైమ్‌లో ఇంటర్న్‌షిప్‌కి ప్రిపేర్ అయితే ఏం వచ్చేది? నిద్ర పోతే? (నవ్వకండి, సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు నిద్రకి రేటు చాలా ఎక్కువ.) సరైన అంకె ఒక్కటే ఉండదు, ఒప్పుకుంటా. కానీ సున్నా మాత్రం కచ్చితంగా కాదు.

ఈ లెక్కలో ఇంకో విషయం ఉంది. మిగిలిన 20,000ని నలుగురూ సమానంగా 5,000 చొప్పున పంచుకున్నారు అనుకోండి. స్నేహితులు కదా, అలాగే పంచుకుంటారు. ఆ వంద గంటల్లో ఒకరు 46 గంటలు, ఒకరు 22, ఒకరు 18, ఒకరు 14 చేశారు. 14 గంటలు చేసినవాడికి గంటకి 357 రూపాయలు పడింది. 46 గంటలు చేసిన అమ్మాయికి 109 కూడా పడలేదు. అమ్మాయి అని ఎందుకు అన్నానంటే, ఫోటోలు తీయడం, వివరాలు ఎక్కించడం, షాపు వాళ్ల ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడి వాళ్లకి ఏం కావాలో కనుక్కోవడం లాంటివి ఎక్కువగా ఎవరి మీద పడతాయో మీ టీమ్‌లో మీరే చూసుకోండి. కోడింగ్‌ని పని అంటాం, మిగతాదాన్ని హెల్ప్ అంటాం. టైమర్‌కి ఆ తేడా తెలియదు. అది నాకు నచ్చిన విషయం.

సెటప్ గురించి చెప్తాను, ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్‌లలోనూ అమరిక ఒకటే: పైన క్లయింట్, కింద ప్రాజెక్ట్, దాని కింద టాస్క్‌లు, వాటి మీద గంటలు నమోదు చేసే మనుషులు. రేటు ఏ స్థాయిలోనైనా పెట్టొచ్చు. మొత్తానికి ఒక రేటు పెట్టి, ఈ ప్రాజెక్ట్‌కి మాత్రం వేరే రేటు అని కింద పెడితే కిందదే చెల్లుతుంది. మన సీఎస్ఈ వాళ్లకి చెప్పాలంటే లోకల్ వేరియబుల్ గ్లోబల్‌ని కప్పేసినట్టు. ఇంత వరకూ అందరూ చేస్తారు. టాస్క్‌ల దగ్గర మాత్రం డిజైన్, ఫ్రంటెండ్, బ్యాకెండ్, టెస్టింగ్ అని నాలుగు రాసి ఊరుకుంటారు. కాలేజీలో ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసినట్టు. మీరు "షాపుకి వెళ్లడం" అని ఒక టాస్క్ పెట్టండి. "ఫోటోలు, వివరాలు" అని ఒకటి. "వాట్సాప్ మార్పులు" అని ఇంకొకటి. చార్మినార్ దగ్గర రంజాన్ నెలలో సాయంత్రం ఐదింటికి అరకిలోమీటరు దాటడానికి ఎంత సేపు పడుతుందో మనకి తెలుసు. అది కూడా గంటే.

ప్రతి ఎంట్రీ పక్కన బిల్లబుల్ అనే మీట ఉంటుంది, సాధారణంగా రూపాయి లేదా డాలర్ గుర్తుతో. వాట్సాప్ మార్పులకి క్లయింట్ డబ్బులివ్వడు కాబట్టి ఆ మీట ఆపేస్తాం. సరే. కానీ అది ఆపేస్తే ఆగేది బిల్లు మాత్రమే. కాస్ట్ రేటు ఆ గంట మీద పడుతూనే ఉంటుంది, పడాలి కూడా. చాలామంది బిల్లబుల్ కానిది అసలు నమోదే చేయరు. డబ్బులు రాని గంట ఎందుకు రాయాలి అంటారు. డబ్బులు రాకుండా పోయిన గంటలు ఎన్నో తెలియకపోతే రెండో షాపుకి కూడా అదే 24,000 చెప్తారు, మూడో షాపుకీ అదే చెప్తారు.

ఎస్టిమేట్ గడి కూడా నింపండి. అరవై గంటలు అని రాసి, ఎనభై శాతం దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. 48 గంటల దగ్గర ఆ మెయిల్ వచ్చిన రోజు క్లయింట్ దగ్గరికి వెళ్లి "భాయ్, ఒప్పుకున్న పని ఇంత, ఇప్పటికి అయింది ఇంత, ఆ పైన మార్పులకి వేరే అవుతుంది" అని చెప్పడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది. పని అంతా అయిపోయాక అడిగితే ఇవ్వరు. ఖర్చుల దగ్గర డొమైన్ రసీదు, ఆటో పైసలు అన్నీ ఎక్కించండి. ఇన్‌వాయిస్‌లో ట్యాక్స్ గడి దగ్గర మాత్రం సున్నాయే ఉండనివ్వండి. మన రాష్ట్రంలో సర్వీసులకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటే వరకూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా 18 శాతం వేసి వసూలు చేయడం చట్ట విరుద్ధం. ఈ మొత్తం సెటప్‌లో నాకు అభ్యంతరం లేని సున్నా ఇదొక్కటే.

క్లాకిఫైలో బిల్లింగ్ రేటు ఉచిత ప్లాన్‌లోనే దొరుకుతుంది, కాస్ట్ రేటు కావాలంటే డబ్బు కట్టే ప్లాన్‌కి వెళ్లాలి. అమ్మేది ఎంతకో ఫ్రీగా చూసుకో, పడింది ఎంతో తెలుసుకోవాలంటే డబ్బులివ్వు అన్నట్టు. వాళ్ల వ్యాపారం వాళ్లది. కిమై అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్నల్ రేట్ అని మామూలుగానే ఉంటుంది, పీహెచ్‌పీ నడిచే సర్వర్‌లో పెట్టుకోవచ్చు. అదీ వద్దంటే గూగుల్ షీట్‌లో ఒక కాలమ్ చాలు.

ఇప్పుడు మగ్గం వర్క్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే రెండో గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో మా ఓల్డ్ సిటీకి తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ తెలియదు. కార్చోబ్ అనే చెక్క చట్రానికి బట్ట బిగించి, నేల మీద కూర్చుని, సూదితో జరీ, పూసలు, చంకీలు కుడతారు. మన ఇళ్లలో పెళ్లి బ్లౌజుల మీద మెరిసేది ఇదే. పని చేసేవాళ్లకి చాలా చోట్ల పీసుకింత అని ఇస్తారు. బ్లౌజు బొటిక్‌లో ఎంతకి అమ్ముతారో కార్చోబ్ ముందు కూర్చున్న మనిషికి చెప్పరు. బొటిక్‌కీ కార్ఖానాకీ మధ్య ఒకరో ఇద్దరో ఉంటారు. ఒక్కొక్కరికి తమ రేటు తెలుసు, పక్కవాడి రేటు తెలియదు.

మా వెనక గల్లీలో ఒక ఆంటీ ఇంట్లోనే ఈ పని చేస్తారు. ఒక బ్లౌజుకి ఎన్ని గంటలు పడుతుంది ఆంటీ అని అడిగితే నవ్వారు. మధ్యలో వంట, పిల్లల స్కూలు, నీళ్లొచ్చే టైమ్, కరెంటు పోవడం. "మూడు రోజులు" అన్నారు. మూడు రోజులంటే ఎన్ని గంటలో ఆవిడా లెక్కపెట్టలేదు, పని ఇచ్చేవాళ్లు అంతకన్నా లెక్కపెట్టలేదు. గంటలు లెక్కలో లేవు కాబట్టి పీసు రేటు న్యాయమైనదా కాదా అని అడగడానికి ఆధారమే లేదు. డిజైన్‌లో ఇంకో వరుస పూసలు పెంచినా అదే రేటు అంటే, ఆవిడ దగ్గర "ఆ వరుసకి రెండు గంటలు పట్టింది" అనే మాట లేదు.

లాడ్ బజార్ లక్క గాజులదీ ఇదే తీరు. లక్కని వేడి చేసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయి చేత్తో అద్దాలి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ గుర్తింపు వచ్చింది, అందరం గర్వపడ్డాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. జీఐ గుర్తింపు పేరుని కాపాడుతుంది. రాయి అద్దిన చేతికి గంటకి ఎంత పడిందో చెప్పే గడి అందులో లేదు.

చట్టానికి ఈ తేడా తెలియక కాదు. 1948 కనీస వేతనాల చట్టంలోనే టైమ్ రేటు వేరు, పీస్ రేటు వేరు అని ఉండేది. కనీస వేతనం కాలాన్ని బట్టి నిర్ణయించిన చోట, పీసు మీద పనిచేసేవాళ్లకి కూడా దానికన్నా తక్కువ ఇవ్వకూడదని 17వ సెక్షన్ చెప్పింది. కానీ తక్కువ పడిందని చూపించాలంటే ముందు గంటలు రాసి ఉండాలి కదా. గడియారాలకి మాత్రం ఇక్కడ కొదవ లేదు. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు 1889లో పెట్టారు, మహబూబ్ చౌక్ క్లాక్ టవర్ 1892లో వచ్చింది. వందేళ్ల పైనుంచి ఈ బజార్ మొత్తానికి టైమ్ కనపడుతూనే ఉంది.

ఆ ఆంటీ పరిస్థితీ మన పరిస్థితీ ఒకటని నేను అనడం లేదు. మనకి ఇంజనీరింగ్ సీటు ఉంది, ఇంట్లో తిండి ఉంది, ఈ 24,000 రాకపోయినా ఆగేది ఏదీ లేదు. ఒకటే పోలిక. గంట రాయకపోతే అది బేరానికి రాదు.

ఇంకో రెండేళ్లలో మనలో చాలామందిమి మూసీ దాటి అటు పక్కకి వెళ్తాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి హైదరాబాద్ ఐటీ చాలావరకు మనుషుల గంటలు అమ్మే వ్యాపారం మీదే నడిచింది. అక్కడ శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపకపోతే మేనేజర్ మెయిల్ వస్తుంది. మా అన్నయ్య వాళ్ల బ్యాచ్ మాటల్లో బిల్లబుల్, బెంచ్ అనే రెండు ముక్కలు ఎన్నిసార్లు వస్తాయో. ఫలానావాడు బెంచ్ మీద ఉన్నాడంటే ఎవరో చనిపోయినట్టు గొంతు తగ్గించి చెప్తారు. ఈ గంటల పద్ధతి లాయర్ల నుంచి వచ్చింది. 1958లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక చిన్న పుస్తకం వేసి, లాయర్లు తమ టైమ్ రాసుకోవాలనీ, ఏడాదికి సుమారు 1,300 గంటలు ఫీజు తెచ్చే పని కింద లెక్క వేసుకోవాలనీ చెప్పింది. అప్పుడు గంట రాసుకున్నది లాయరే, దాని ధర తెలిసిందీ లాయర్‌కే. ఇప్పుడు కంపెనీలో గంట రాసేది ఫ్రెషర్. ఆ గంటని క్లయింట్‌కి ఎంతకి అమ్మారో ఫ్రెషర్‌కి కనపడదు. బిల్లింగ్ రేటు, కాస్ట్ రేటు రెండూ పై వాళ్ల స్క్రీన్‌లో ఉంటాయి, కింద వాళ్ల స్క్రీన్‌లో స్టార్ట్, స్టాప్ మీటలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్రత్యేకంగా పర్మిషన్ ఉంటుంది, రేట్లు ఎవరికి కనపడాలి అని. అడ్మిన్‌కి మాత్రమే అని పెడితే టీమ్‌లో మిగతావాళ్లకి ఆ కాలమే రాదు.

కంపెనీలు ఎందుకు అలా పెడతాయో నాకు అర్థమవుతుంది. నలుగురు స్నేహితుల టీమ్‌లో కూడా అలాగే ఎందుకు పెడుతున్నాం? ప్రాజెక్ట్ తెచ్చినవాడే అడ్మిన్ అవుతాడు. క్లయింట్‌తో ఎంతకి మాట్లాడాడో ఆయనకే తెలుసు. మిగతావాళ్లకి ఇంత వస్తుంది అని చెప్తాడు. పత్తర్‌గట్టి దుకాణం వెనక ఉండే మధ్యవర్తికీ ఈయనకీ తేడా ల్యాప్‌టాప్ ఒక్కటే.

లెక్కలు అందరికీ చూపిస్తే పని ఆగిపోతుందనే వాళ్లకి మన పల్లెల్లోనే జవాబు ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద మన ఉమ్మడి రాష్ట్రంలో పని లెక్కలు కంప్యూటర్ మీదే నడిచేవి. ఆ సాఫ్ట్‌వేర్ టీసీఎస్ తయారుచేసింది. చాలా పనులకి కూలి తవ్విన మట్టి కొలతని బట్టి పడేది. అంటే అదీ ఒకరకం పీస్ రేటే. కానీ మస్టర్ ఉండేది. ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఎంత కొలత, ఎంత డబ్బు అన్నీ వెబ్‌సైట్‌లో జాబ్ కార్డు నంబర్ కొట్టి ఎవరైనా చూసుకోగలిగేవారు. చట్టంలోనే సోషల్ ఆడిట్‌కి చోటిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీయే పెట్టారు. గ్రామసభలో పేరు పేరునా చదివి, ఈ డబ్బు నీకు అందిందా, ఈ పని నిజంగా జరిగిందా అని జనం ముందే అడిగేవారు. దొంగ మస్టర్లు బయటపడింది అలాగే. గొడవలు అయ్యాయి, అవుతాయి. లెక్క అందరి ముందూ పెట్టడం వల్ల ఆ పథకం కూలిపోలేదు. ఊరు ఊరంతా చూడగలిగిన లెక్కని నలుగురు ఇంజనీరింగ్ పిల్లలు ఒకరికొకరు చూపించుకోలేరా?

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి నాకూ బరువైనదే. గంటలని బట్టి విలువ కడితే త్వరగా చేసేవాడు నష్టపోతాడు కదా? నిజమే. మంచి కోడర్ రెండు గంటల్లో చేసింది ఇంకొకరు ఆరు గంటలు తీసుకోవచ్చు. అందుకే గంటలని బట్టే డబ్బు పంచాలని నేను అనడం లేదు. ఎలా పంచుకోవాలో టీమ్ కూర్చుని నిర్ణయించుకోవాలి, కానీ గంటలు చూశాక నిర్ణయించుకోవాలి. కొంతమంది ఇద్దరికీ వేరే వేరే కాస్ట్ రేటు పెట్టుకుంటారు. నా ఓటు మాత్రం మొదటి ఏడాది అందరికీ ఒకే రేటుకి. ఎవరు ఎంత త్వరగా చేస్తారో మొదటి ప్రాజెక్ట్‌లో ఎవరికీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడేవాళ్లే ఎక్కువ రేటు తీసుకుంటారు.

రెండో అభ్యంతరం: మనం నేర్చుకుంటున్నాం, నేర్చుకునేవాళ్లకి రేటేంటి? కార్ఖానాలో కొత్త పిల్లలకి కూడా ఇదే మాట చెప్తారు, పని నేర్పిస్తున్నాం కదా అని. నేర్చుకునే గంటలు ఉన్నాయి, ఒప్పుకుంటా. రియాక్ట్ రాకుండా రియాక్ట్ పని ఒప్పుకుంటే మొదటి పదిహేను గంటలు యూట్యూబ్‌లోనే పోతాయి. ఆ పదిహేను క్లయింట్ నెత్తిన వేయడం అన్యాయం. దానికి "నేర్చుకోవడం" అని వేరే టాస్క్ పెట్టి, బిల్లబుల్ మీట ఆపేసి, కాస్ట్ రేటు ఉండనివ్వాలి. అప్పుడు మన చదువు మీద మనం పెట్టిన ఖర్చు ఎంతో తెలుస్తుంది. కానీ పదహారు గంటలు ఫోటోలు తీయడాన్ని ఎక్స్‌పీరియన్స్ అని పిలవకండి. మూడో ఫోటో తర్వాత అందులో నేర్చుకునేది ఏమీ లేదు.

మూడోది నిఘా. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫోటో తీస్తాయి, మౌస్ కదిలిందో లేదో చూస్తాయి. వాటిని ఏ టీమ్ పెట్టుకున్నా నేను ఆ టీమ్‌లో ఉండను. నేను చెప్తున్నది ఎవరి గంట వాళ్లే రాసుకునే పద్ధతి. మస్టర్ వేరు, మెడ మీద కూర్చునే మేస్త్రీ వేరు. ఎవరైనా ఎక్కువ రాస్తే? రాయొచ్చు. అందరి ఎంట్రీలూ అందరికీ కనపడుతున్నప్పుడు "నిన్న రాత్రి పదకొండు నుంచి రెండు వరకూ లాగిన్ పేజీ" అని రాసినవాణ్ని పొద్దున క్యాంటీన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, రాత్రి మనం కలిసి మ్యాచ్ చూశాం కదరా అని.

క్లయింట్‌కి కాస్ట్ రేటు చూపించాలా అని మొన్న క్లబ్ గ్రూప్‌లో ఒకరు అడిగారు. అక్కర్లేదు. ఆయనకి పంపే రిపోర్ట్‌లో ఏ పనికి ఎన్ని గంటలు అయ్యాయో, ఒప్పుకున్న దానిలో ఎంత మిగిలిందో ఉంటే చాలు. ఆయన తన గాజులు ఎంతకి కొన్నారో మనకి చెప్పరు కదా. పావుగంటకి రౌండ్ చేసే సెట్టింగ్ ఉంటుంది, పంపేముందు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఐదు నిమిషాల ఫోన్ కాల్ పదిహేను నిమిషాలైతే నెలాఖరుకి ఆయనే లెక్కపెట్టి అడుగుతాడు. బజార్‌లో కూర్చునేవాళ్లకి మనకన్నా లెక్కలు బాగా వచ్చు.

టెక్ ఫెస్ట్ వెబ్‌సైట్ పని ఈసారి మన క్లబ్, కోడింగ్ క్లబ్ కలిసి చేస్తున్నాయి. దానికి బడ్జెట్ లేదు, బిల్లింగ్ రేటు సున్నా, అది నాకు సమ్మతమే, కాలేజీ మనది. కాస్ట్ రేటు గంటకి 150 పెట్టి, రేట్ల పర్మిషన్ అందరికీ తెరిచి, కిమైలో ప్రాజెక్ట్ ఓపెన్ చేశాను. "పోస్టర్లకి తెలుగు రాయడం" అని ఒక టాస్క్, "స్పాన్సర్ల చుట్టూ తిరగడం" అని ఇంకో టాస్క్ పెట్టాను. లాగిన్ కావాల్సిన వాళ్లు గ్రూప్‌లో మెయిల్ ఐడీ వేయండి.